లాప్‌టాప్‌లో తెగిపడే ధ్వని: కారణాలు, పరీక్షలు, నివారణోపాయాలు

విదేశాలకు టెలిఫోన్ చేయడం మిక్కిలి ఖరీదైన రోజుల్లో, దూరదేశాలలో స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలు తమ క్షేమ సమాచారాలను కాసెట్లపై పలికి ఇంటికి పంపేవి. ఇంటినుంచి కూడ అదే విధంగా కాసెట్లు వచ్చేవి. అమ్మమ్మ చెప్పిన కథలు, తాతగారు చదివిన పద్యాలు, పెళ్ళిపందిట్లో మ్రోగిన సన్నాయి ఆ సన్నని టేపులపై ఈనాటికీ నిలిచివున్న ఇళ్ళు ఉన్నాయి. ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన ఈ కాంపాక్ట్ కాసెట్టును వాయించే యంత్రాలు క్రమంగా అరుదవుతున్నందున, పలువురు ఆ ధ్వనులను లాప్‌టాప్‌లోకి ఎక్కించి భద్రపరచుకొంటున్నారు.

సరిగ్గా ఈ దశలోనే ఒక చిక్కు ఎదురవుతుంది. ఎక్కించిన ధ్వనిని తిరిగి వింటే మాట మధ్యమధ్య తెగిపోతుంది; ఒక అక్షరం గెంతిపోతుంది; చిటపట శబ్దాలు వినవస్తాయి. టేపు పాడైపోయిందని నిశ్చయించుకొని ప్రయత్నం మానుకొనేవారు కొందరు. లోపాన్ని గమనించకుండ, పని ముగిసిందనుకొని కాసెట్టును పారవేసేవారు మరికొందరు. రెండూ తొందరపాటు పనులే. తెగిన ధ్వని విన్నప్పుడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: తెగినది భద్రపరచిన ధ్వనియా, లేక దానిని వినిపించే ప్రక్రియయా? రెండవదైతే నష్టం తాత్కాలికం. మొదటిదైతే, మూలమైన కాసెట్టు చేతిలో ఉన్నంతవరకే దానికి మందు ఉంది.

ధ్వని అంకెలుగా మారే విధానం

టేపుపై ధ్వని ఎడతెగని అయస్కాంత రేఖగా ఉంటుంది. కంప్యూటర్‌లో అట్లు కాదు. గాలిలోని కంపనాన్ని అతి స్వల్ప వ్యవధులలో కొలిచి, ప్రతి కొలతను ఒక అంకెగా వ్రాసుకొంటుంది. ఈ కొలతకు నమూనా అని పేరు. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో రూపొందించిన కాంపాక్ట్ డిస్క్ ప్రమాణం ప్రకారం సెకనుకు 44,100 నమూనాలు తీయాలి. మానవుని చెవి గ్రహించగల అత్యధిక పౌనఃపున్యం సుమారు సెకనుకు 20,000 కంపనాలు. దానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలిస్తేనే ఆ ధ్వని తిరిగి యథాతథంగా రూపొందుతుంది. చలనచిత్రాలకు, వీడియోలకు సెకనుకు 48,000 నమూనాలు తీయడం వాడుక.

వినిపించేటప్పుడు ఈ అంకెలన్నీ అదే వేగంతో, ఒక్కటి కూడ ఆలస్యం కాకుండ ధ్వని చిప్‌కు చేరాలి. కాని లాప్‌టాప్‌లోని ప్రాసెసర్ ధ్వని ఒక్కదానికే అంకితమై ఉండదు. తెర, వైఫై, డిస్క్, బ్యాటరీ పర్యవేక్షణ అన్నీ దాని సేవను కోరుతూనే ఉంటాయి. అందువల్ల అది కొన్ని నమూనాలను ముందుగానే ఒక చిన్న నిల్వస్థానంలో పెట్టి వెళుతుంది. దీనికే బఫర్ అని పేరు. ఆ బఫర్‌లో 480 నమూనాలు ఉన్నాయనుకొంటే, సెకనుకు 48,000 చొప్పున అవి సెకనులో నూరవ వంతు కాలానికి మాత్రమే సరిపోతాయి. ఆ లోపల ప్రాసెసర్ తిరిగి రావాలి.

పెళ్ళిళ్ళలోని పంక్తి భోజనం ఇందుకు చక్కని పోలిక. విస్తరి ముందు కూర్చున్నవాడు ఒకే వేగంతో భుజిస్తూ ఉంటాడు. వడ్డించేవాడు పదిమందికి వడ్డిస్తూ, విస్తరి ఖాళీ కాకముందే మళ్ళీ రావాలి. దారిలో ఎవరో పలకరించి ఆపితే విస్తరి ఖాళీ అవుతుంది, చేయి ఆగుతుంది. వంటశాలలో అన్నం లేక కాదు, వడ్డన సమయానికి రాక. భుజించేవాడు స్పీకర్, విస్తరి బఫర్, వడ్డించేవాడు ప్రాసెసర్. అత్యంత వేగవంతమైన లాప్‌టాప్‌లో కూడ ధ్వని తెగడానికి కారణం ఇదే. యంత్రానికి శక్తి చాలకపోవడం కంటె, సమయానికి అందకపోవడమే ఎక్కువ సందర్భాలలో ఉండే లోపం.

చెవి ఎందుకు సహించదు?

సినిమాలో సెకనుకు 24 చిత్రాలు కదలుతాయి. వాటిలో ఒకటి తప్పిపోయినా ప్రేక్షకుడు గమనించకపోవచ్చు. కాని అంతకంటె ఎంతో స్వల్పమైన విరామం ధ్వనిలో వస్తే చెవి వెంటనే పట్టేస్తుంది. సాగుతున్న కంపనం హఠాత్తుగా శూన్యానికి పడిపోయినప్పుడు, ఆ కుదుపులో అన్ని పౌనఃపున్యాలూ కలగలిసి ‘టక్’ అనే శబ్దం పుడుతుంది.

తెలుగు మాటకు ఈ లోపం మరొక హాని కూడ చేస్తుంది. హ్రస్వ దీర్ఘాల భేదం, ద్విత్వాక్షరాల భేదం ప్రధానంగా ఉచ్చారణకాలంపై ఆధారపడి ఉన్నవే. దీర్ఘంలో కొంత భాగం ఎగిరిపోతే ‘వాడి’ అన్న మాట ‘వడి’గా వినిపించవచ్చు. హల్లుకు ముందు కొంత నిశ్శబ్దం చొరబడితే ‘గడి’ కాస్త ‘గడ్డి’ అనిపించవచ్చు. విదేశాలలో పుట్టి, ఆ ధ్వనుల ద్వారానే తెలుగు నేర్చుకొనే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

మొట్టమొదటి పరీక్ష

ఏ అమరికను మార్చకముందే చేయవలసిన పరీక్ష ఒకటి ఉంది. ధ్వని తెగిన చోటును గుర్తించి, ఆ భాగాన్నే మూడుసార్లు వినాలి. మూడుసార్లూ అదే అక్షరం దగ్గర తెగితే లోపం ఫైలులోనే ఉండవచ్చు. ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట తెగితే ఫైలు క్షేమం. లోపం వినిపించడంలో ఉంది. పిమ్మట అదే ఫైలును వేరొక కంప్యూటర్‌లో గాని, ఫోనులో గాని వినాలి. అక్కడ కూడ అదే చోట తెగితే సందేహం తీరిపోయినట్లే.

తెగిన తీరును కూడ గమనించాలి. స్వరం సాగి, వణికి, వేగం మారుతుంటే అది సాధారణంగా టేపు యంత్రపు రబ్బరు పట్టీ, చక్రాల దోషం. పెద్ద గొంతు వచ్చినచోట మాత్రమే ధ్వని పగిలినట్లుంటే, ఎక్కించేటప్పుడు ధ్వనిస్థాయి మితిమీరిందని అర్థం. మాట నిలువునా కోసినట్లు తెగి, మరుక్షణం మామూలుగా సాగితే అది సాధారణంగా కంప్యూటర్ చేసిన పనే.

లాప్‌టాప్ లోపలి కారణాలు

ఫైలు క్షేమమని తేలిన తరువాత ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేస్తూ, ప్రతి మార్పు తరువాత అదే భాగాన్ని వినాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏ మందు పనిచేసిందో తెలియదు.

మొదట లాప్‌టాప్‌ను విద్యుత్తుకు తగిలించి వినాలి. బ్యాటరీపై నడిచేటప్పుడు ప్రాసెసర్ పొదుపు కోసం తన వేగం తగ్గించుకొని, మధ్యమధ్య కునుకు తీస్తుంది. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, పవర్ అండ్ బ్యాటరీ అన్న వరుసలో పవర్ మోడ్‌ను బెస్ట్ పెర్ఫార్మెన్స్‌గా మార్చి చూడవచ్చు. లాప్‌టాప్‌ను పరుపుపైన, దిండుపైన ఉంచరాదు. గాలి రంధ్రాలు మూసుకుపోతే లోపల వేడెక్కి, ఆత్మరక్షణకై ప్రాసెసర్ మందగిస్తుంది.

రెండవది డ్రైవర్ల సంగతి. వైఫై, గ్రాఫిక్స్, బ్యాటరీ వంటి ప్రతి భాగాన్నీ నడిపే చిన్న ప్రోగ్రామ్‌కు డ్రైవర్ అని పేరు. వీటిలో ఒకటి ప్రాసెసర్‌ను అవసరానికి మించి పట్టి ఉంచితే, వడ్డించేవాణ్ణి దారిలో ఆపినట్లే అవుతుంది. ఇటువంటి వాయిదాపనులలో ఏదీ సెకనులో పదివేలవ వంతుకు, అనగా 100 మైక్రోసెకన్లకు మించరాదని మైక్రోసాఫ్ట్ సంస్థ డ్రైవర్లు వ్రాసేవారికి సూచించింది. దోషం ఎవరిదో తెలుసుకోవడానికి సులభమైన మార్గం ఉంది. వైఫైను కాసేపు నిలిపి, లాప్‌టాప్‌లోనే ఉన్న ఫైలును వినాలి. ధ్వని బాగుపడితే వైఫై డ్రైవర్‌ను అనుమానించవచ్చు. లాప్‌టాప్ తయారుచేసిన సంస్థనుంచే కొత్త డ్రైవర్‌ను తెచ్చి అమర్చాలి. లేటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ ఆలస్యానికి కారణమైన డ్రైవర్ పేరును చూపుతుంది.

మూడవది ధ్వనిని తీర్చిదిద్దే హంగులు. విండోస్‌లో సౌండ్ అమరికల క్రింద ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అనే అంశం ఉంటుంది. దానిని ఆపివేసి వినాలి. అక్కడే సెకనుకు ఎన్ని నమూనాలన్నది కూడ ఎంచుకోవచ్చు. మాక్ లాప్‌టాప్‌లలో ఈ పనికి ఆడియో మిడీ సెటప్ అనే ఉపకరణం ఉంది.

సమానమైన వ్యవధులలో ‘టక్’ శబ్దం వస్తుంటే, రెండు పరికరాల గడియారాలు కలియలేదేమో చూడాలి. ధ్వనిని తీసుకొనే పరికరం సెకనుకు 48,000 నమూనాలు అందిస్తుండగా, వినిపించే పరికరం 48,001 వాడుకొంటే, 480 నమూనాల నిల్వ 480 సెకన్లలో, అనగా ఎనిమిది నిమిషాలకొకసారి తరిగిపోతుంది. తీసుకోవడానికీ వినిపించడానికీ ఒకే పరికరాన్ని వాడితే ఈ బెడద ఉండదు.

తీగలేని ఇయర్‌ఫోన్లు

తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు పెట్టుకొన్నప్పుడు ధ్వని బాగుండి, బ్లూటూత్‌లో మాత్రమే తెగుతుంటే లోపం గాలిలో ఉంది. బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది. వైఫైలో ఒక శాఖ, వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ ఆ ప్రాంతంలోనివే. వైఫైను 5 గిగాహెర్ట్జ్ శాఖకు మార్చడం, లాప్‌టాప్‌కు దగ్గరగా కూర్చోవడం, యూఎస్‌బీ 3 డిస్కులను బ్లూటూత్ గ్రాహకానికి దూరంగా ఉంచడం ఇందుకు ఉపాయాలు.

దూరదేశపు సంభాషణ

హైదరాబాదులోని తల్లిదండ్రులతో వీడియోలో మాట్లాడేటప్పుడు ధ్వని తెగడానికి కారణం తరచుగా నెట్‌వర్క్‌లో ఉంటుంది. మాటలను సాధారణంగా 20 మిల్లీసెకన్ల పొట్లాలుగా కట్టి, సెకనుకు 50 చొప్పున పంపుతారు. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పయనిస్తుంది గనుక, 13,000 కిలోమీటర్ల దూరానికి కనీసం 65 మిల్లీసెకన్లు పడుతుంది. అన్ని పొట్లాలూ సమానంగా ఆలస్యమైతే మాట తెగదు. ఒకటి ముందు, ఒకటి వెనుకగా వస్తేనే తెగుతుంది. బొమ్మను ఆపి మాట మాత్రమే ఉంచుకోవడం, రౌటర్‌కు తీగ తగిలించడం, అదే సమయంలో ఇంట్లో సినిమాలు చూడకుండడం మంచి ఫలితాన్నిస్తాయి. లోపం అవతలి ఇంట్లో కూడ ఉండవచ్చునని మరువరాదు.

కాసెట్టును ఎక్కించేటప్పుడు

ఇక అసలైన ప్రమాదం ఇక్కడ ఉంది. వినిపించేటప్పుడు బఫర్ ఖాళీ కావడం దోషమైతే, ఎక్కించేటప్పుడు బఫర్ పొంగిపోవడం దోషం. కుళాయి క్రింద నిండిన బిందెను సమయానికి తీసి వేరొకటి పెట్టకపోతే నీరు నేలపాలైనట్లే, ఆ క్షణపు ధ్వని ఫైలులోకి చేరకుండ పోతుంది. తరువాత ఏ అమరిక మార్చినా అది తిరిగి రాదు.

కాబట్టి ఎక్కించేముందు వైఫైను, బ్లూటూత్‌ను ఆపాలి. ఇతర ప్రోగ్రాములను మూసివేయాలి. లాప్‌టాప్‌ను విద్యుత్తుకు తగిలించి, అది నిద్రపోకుండ అమర్చాలి. ఆడాసిటీ వంటి ప్రోగ్రామ్‌లో బఫర్ పరిమాణాన్ని పెంచాలి. ఇది సంభాషణ కాదు గనుక కొంత ఆలస్యం వల్ల నష్టం లేదు. అనేక లాప్‌టాప్‌లలోని ఏకైక రంధ్రం మైక్రోఫోన్ కోసం ఉద్దేశింపబడినది. దానిలో టేపు యంత్రాన్ని నేరుగా తగిలించక, లైన్ ఇన్ సౌకర్యమున్న చిన్న యూఎస్‌బీ పరికరాన్ని వాడాలి.

ధ్వనిని కుదించకుండ వేవ్ ఫైలుగా భద్రపరచాలి. 16 బిట్లతో, రెండు చానళ్ళతో సెకనుకు 1,76,400 బైట్లు అవుతుంది. 90 నిమిషాల కాసెట్టుకు సుమారు 950 మెగాబైట్ల చోటు చాలు. నేటి డిస్కులకు అది భారం కాదు.

ఎక్కించడం ముగిసిన తరువాత ఫైలును మొదటినుంచి చివరివరకు ఒకసారి వినాలి. తెగిన చోట్లను కాగితంపై గుర్తించుకొని, ఆ భాగాలను కాసెట్టునుంచి మళ్ళీ ఎక్కించాలి. రెండు వేర్వేరు డిస్కులలో ప్రతులు ఉంచాలి. ఇవన్నీ ముగిసిన పిమ్మట కూడ కాసెట్టును పారవేయవలసిన అవసరం లేదు. అది పట్టే చోటు అరచేయంత. అందులోని గొంతును మరల పలికించగల వ్యక్తి ఇప్పుడు లేకపోవచ్చు.