గడువు దాటిన రెన్యువల్ నోటీసు చెల్లుతుందా?

ప్రశ్న: రెన్యువల్ కావాలంటే లీజు ముగియడానికి రెండు నెలల ముందే నోటీసు ఇవ్వాలని మా షాపు పత్రంలో ఉంది. నెలే మిగిలింది. ఓనరు అద్దె తీసుకుంటూనే ఉన్నారు. హక్కు పోయినట్టేనా?

జవాబు: పోయినట్టే అనుకుని అడుగు వేయండి. రెన్యువల్ కోరడం పత్రం మీకిచ్చిన ప్రత్యేక సౌలభ్యం. అందులోని గడువును కచ్చితంగా పాటించాల్సిందేనని కాల్టెక్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నెల ఆలస్యంతో ఓనరుకు నష్టమేమిటని మీరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. కానీ కొత్త అద్దెదారును వెతుక్కునే వ్యవధి ఆయనకు దక్కాలి కదా! మోసం, తప్పించుకోలేని అవాంతరం వంటివి ఉంటే కోర్టు ఆలోచిస్తుంది. మరచిపోవడం ఆ కోవలోకి రాదు.

లీజు నడుస్తుండగా అద్దె తీసుకున్నంత మాత్రాన ఆయన ఆలస్యాన్ని మన్నించినట్టు కాదు. ముగిశాక కూడా తీసుకుని ఉండనిస్తే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ కింద మీ అద్దె సాధారణంగా నెలనెలా సాగుతుంది. అయితే 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల నోటీసుతో దాన్ని ముగించవచ్చు. అద్దె నియంత్రణ చట్టం వర్తించే షాపులకు ఖాళీ చేయించే పద్ధతి వేరు. నెలనెలా సాగే అద్దె భరోసాతో మాత్రం షాపు మీద కొత్తగా పెట్టుబడి పెట్టకండి. రెన్యువల్ కోరుతూ ఈరోజే స్పీడ్ పోస్టులో లేఖ పంపండి. ఓనరు ఒప్పుకుంటే, ఏడాది మించిన కొత్త లీజును తప్పకుండా రిజిస్టర్ చేయించుకోండి.