కణమునకు వచ్చు ఆజ్ఞలు

బన్సీలాల్‌పేట పిల్లలకు రైలు సంకేతమన నేమో చెప్ప నక్కఱలేదు. సికింద్రాబాదు స్టేషనునకు వచ్చు బండి ఎఱ్ఱదీపమును చూచి నిలుచును, పచ్చదీపమును చూచి కదలును. పచ్చదీపము మాఱక యట్లే నిలిచిపోయిన నేమగును? శరీరమున నట్టి యుపద్రవమే క్యాన్సరు. మన పెద్దలు దీనిని పుట్టకురుపు, రాచపుండు అని పిలిచెడివారు. ఇది అంటువ్యాధి కాదు, పూర్వజన్మ పాపఫలమును గాదు. రోగికి వేఱు కంచము పెట్టు ఇండ్లు నేటికిని గలవు గనుక ఈ మాట ముందే చెప్పవలసి వచ్చినది.

ఆరోగ్యముగల కణము ఆజ్ఞ లేక విభజనము పొందదు. వెలుపలినుండి వృద్ధికారక పదార్థ మొకటి వచ్చి కణపు పొరమీది గ్రాహకమును తాకును. ఆ వార్త లోపలనున్న రాస్ అను ప్రోటీనునకు చేరును. రాస్ జి.టి.పి. అను చిన్న అణువును పట్టుకొన్నంతసేపు మేల్కొనియుండి, రాఫ్, మెక్, ఎర్క్ అను ప్రోటీనులకు వరుసగా వార్త నందించును. ఎర్క్ కేంద్రకమున ప్రవేశించి విభజనకు వలయు జన్యువులను లేపును. పిమ్మట రాస్, మఱియొక ప్రోటీను సాయముతో, జి.టి.పి. నుండి ఒక ఫాస్ఫేటును త్రుంచివైచి నిద్రించును. ఆజ్ఞ యిచ్చుటకన్న ఈ త్రుంచుటయే గొప్ప పనియని నాకు తోచును.

మన పేటకు కొలది మైళ్ల దూరమందలి ఉస్మానియా విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నొంది అమెరికాకు వెడలిన ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు, బార్బసిడ్ మున్నగు సహచరులతో 1982లో మూత్రాశయపు క్యాన్సరు కణముల రాస్ జన్యువును, మంచి జన్యువును అక్షరమున కక్షరము పోల్చి చూచిరి. భేదము ఒక్క అక్షరమే! జి ఉండవలసినచోట టి యున్నది. అందుచే 189 అమినో ఆమ్లముల ఆ ప్రోటీనున 12వ స్థానమందు గ్లైసీనునకు బదులు వాలీను చేరినది. ఆ వాలీను అడ్డుపడుటచే ఫాస్ఫేటు తెగదు, రాస్ నిద్రింపదు. అదే కాలమున మఱి రెండు పరిశోధక బృందములును ఈ ఫలితమునే కనుగొనెను.

ఇక్కడ నొక వింత గలదు. ఇట్టి రాస్‌ను మంచి కణమున ప్రవేశపెట్టగా, అది పెచ్చుపెరుగుటకు మాఱు ముసలిదై విభజన మానివేయునని 1997లో తేలినది. పీ-53 మొదలగు కావలి ప్రోటీనులు ప్రమాదమును గుర్తించి కణమును నిలిపివేయును. చెడిన కణము తనంతట మరణించునట్లు చేయుటయు పీ-53 పనియే. ఎలుకల కణములలో ఆ కావలిని తొలగింపగా అదే రాస్ వానిని క్యాన్సరు త్రోవ పట్టించెను. ఒకే ఆజ్ఞకు రెండు గతులు! మనుష్యుల క్యాన్సరులలో దాదాపు సగమునందు పీ-53 చెడియుండుట ఈ కారణముచేతనే ఆశ్చర్యము గాదు.

జన్యువుల అక్షరములను చెఱచువానిలో పొగాకు పొగ యొకటి. విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల కొందఱు స్త్రీలు నిప్పుకొనను నోటిలో నుంచుకొని త్రాగు అడ్డచుట్ట అంగిటి క్యాన్సరునకు హేతువగుచున్నది. ఇంట చుట్ట త్రాగు అవ్వ యున్న బాలురు ఈ వాక్యమును చదివి వినిపింతురు గాక.

నిద్రింపని రాస్‌ను పట్టు మందు దొరకుటకు చాలకాలము పట్టినది. ఊపిరితిత్తుల క్యాన్సరునకు సోటోరాసిబ్ అను మందు 2021లో అమెరికాలో అనుమతింపబడెను. అదియు 12వ స్థానమున సిస్టీను చేరినవారికి మాత్రమే. వాలీను చేరిన కణములకు పనికిరాదు. అది పనిచేసిన రోగులలోను, కొంతకాలమునకు కణములు వేఱొక దారిని వార్త నంపుకొని తిరిగి పెరుగుట కనబడుచున్నది.