వెబ్ విద్యాదానము

అన్నదానము, వస్త్రదానము మనమెల్లర మెఱిగినవే. వెబ్‌సైటును నిర్మించు నేర్పు సైతము దానము చేయదగిన విద్యయే. స్త్రీలను, బాలలను వేధించువారి నెదిరించు సేవాసంఘముల కీ నేర్పు ఎట్లుపకరించునో, దాని నొసగువా రెట్టి జాగ్రత్త వహింపవలెనో యీ వ్యాసమున వివరించెదము.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. 2008వ సంవత్సరము డిసెంబరు నెలలో మన వరంగల్లునందే యిద్దఱు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోయబడెను. వారిలో నొకరు పిమ్మట మరణించిరి. వెంబడించుట, దుర్భాషలాడుట మొదలగు వేధింపులను అనేకులు ఇంట జెప్పరు. చెప్పినచో చదువు మాన్పింతురని బాలికల భయము. ఆ మౌనమే వేధించువానికి బలము.

2008లోనే కెన్యా దేశమున ఎన్నికల యనంతరము అల్లర్లు చెలరేగగా, కొందఱు స్వచ్ఛందముగ ‘ఉషాహిది’ యను వెబ్‌సైటును నిర్మించిరి. స్వాహిలీ భాషలో నీ మాటకు సాక్ష్యమని యర్థము. ప్రజలు పంపిన వార్తలు అందు దేశపటముపై గుర్తులుగా గానవచ్చెడివి. ఆ ప్రోగ్రామును వా రెల్లరకు నుచితముగ నిచ్చిరి. 2010లో కైరో నగరమున ‘హరాస్‌మ్యాప్’ సంఘమువారు దానినే గైకొని వీధులలోని వేధింపులను పటమున గుర్తింపసాగిరి. 2012 డిసెంబరులో, ఢిల్లీ ఘోరము పిమ్మట, మనదేశమున ‘సేఫ్‌సిటీ’ యారంభమయ్యెను. ఇందు చెప్పువారు తమ పేరు తెలుపనక్కఱలేదు. ఒకే సందున పది గుర్తులు కనబడినచో, అచ్చట వీధిదీపము లేదనియో, బస్టాండుకడ పోకిరులు చేరుచున్నారనియో పెద్దలు గ్రహింపవచ్చును. ఒక్కతె చెప్పిన నమ్మనివారు పదిమంది చెప్పిన విందురు.

ఇట్టి పని చేయబూనువారు గమనింపవలసిన వివి. మొదటిది: అక్కఱలేని వివరము లడుగరాదు. స్థలము, వేళ, జరిగినది యను మూడును చాలును. ఇంటి గుర్తు తెలియునట్లు పటమున చూపరాదు. రెండవది: పుట తెలుగున నుండి, చిన్న ఫోనునందును త్వరగా తెఱచుకొనవలెను. మూడవది: ఎవరైన దరిజేరినపుడు పుటను తటాలున మూయుటకు మీట యుంచవలెను. అయినను, చూచిన పుటల జాబితా ఫోనునందు నిలిచియుండునని అచ్చటనే హెచ్చరింపవలెను. నాల్గవది: పని ముగియగానే తాళపుమాటలన్నియు సంఘమువారి కప్పగింపవలెను. నిర్మించినవాడు వెడలిపోగా పుట పాడుపడిన, దాని నమ్మి వ్రాసినవారికి ద్రోహమగును.

మఱియొక సంగతి మిక్కిలి ముఖ్యము. 2012నాటి పోక్సో చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లలోపు వారిపై లైంగికాపరాధము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపక తప్పదు. ఆ బాలల పేరును పత్రికలలో ప్రకటించుట ఆ చట్టమే నిషేధించుచున్నది. కావున, ‘ఇచ్చట వ్రాసినది రహస్యముగ నుండును’ అని మాత్రమే చెప్పి బాలలను మోసగింపరాదు. ఎవరికి తెలుపబడునో ముందే విస్పష్టముగ వ్రాయవలెను.

వెబ్‌సైటు పోలీసుల పనిని జేయజాలదు. 2014లో హైదరాబాదున ప్రారంభమైన షీ టీములు తరువాత వరంగల్లునందు నేర్పడినవి. ఆపదలో 112, బాలలకు 1098 సంఖ్యలు కలవు. ఈ సంఖ్యలు పుట పైభాగమున నుండవలెను.

కంప్యూటరు విద్య నభ్యసించు బాలబాలికలు ఏడాదికి కొన్ని దినములైన నిట్టి సంఘములకు వినియోగింతురుగాక. తలిదండ్రులు తమ బిడ్డలు చెప్పుకొనవచ్చినపుడు కోపింపక, చదువు మాన్పింపక, ఓపికతో విందురుగాక. బాలిక తన మాటను మొట్టమొదట చెప్పుకొనవలసిన చోటు ఇల్లే కదా!