సూది పడింది, టిఫిన్ ఏది? (ఇన్సులిన్ ఇబ్బందులపై ప్రశ్నలు - జవాబులు)

ఇన్సులిన్ వాడేవాళ్ల ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాం. ఒక్క మాట ముందే చెప్పాలి. ఇక్కడ చదివి ఎవరూ తమ డోసు తామే మార్చుకోవద్దు. మీ డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఏం చెప్పాలో, ఏం అడగాలో తెలియడానికే ఈ జవాబులు.

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. పొద్దున, రాత్రి 30/70 ఇన్సులిన్ వేసుకుంటారు. వారానికి రెండు మూడుసార్లు పదకొండు గంటలప్పుడు ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణుకుతాయి. ఏమడిగినా కసురుకుంటారు. అమ్మ వెంటనే నేతి లడ్డూ పెడుతుంది. అయినా తేరుకోవడానికి చాలాసేపు పడుతోంది. లడ్డూ పెట్టడం తప్పా?
- ఓ కూతురు, తణుకు

జవాబు: మీ నాన్నగారికి షుగర్ డౌన్ అవుతోందమ్మా. కసురుకోవడం ఆయన కోపం కాదు, మెదడుకు గ్లూకోజు అందక వచ్చే లక్షణం. మీటర్‌లో 70 కంటే తక్కువ ఉంటే లో షుగర్ అంటాం. 54 కంటే దిగితే ప్రమాదం.

లడ్డూ తీపే గానీ అందులో నెయ్యి ఉంది. కొవ్వు ఉన్న పదార్థం కడుపులోంచి నెమ్మదిగా కదులుతుంది, చక్కెర రక్తంలోకి చేరేసరికి ఆలస్యమవుతుంది. చాక్లెట్టూ అంతే. కావలసింది 15 గ్రాముల చక్కెర. అంటే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజు పొడి గానీ అరగ్లాసు నీళ్లలో కలిపి తాగించండి. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్షించండి. ఇంకా 70 దాటకపోతే మరోసారి ఇవ్వండి. దాటాక, భోజనానికి ఇంకా టైముంటే ఓ ఇడ్లీయో రెండు బిస్కెట్లో పెట్టండి. మీటర్ కనపడలేదని వెతుకుతూ కూర్చోవద్దు. ముందు చక్కెర, తర్వాత మీటర్.

ఇంకోటి చూడండి. ఆయన మాత్రల్లో వోగ్లిబోజ్ గానీ అకార్బోజ్ గానీ ఉందా? అవి పంచదారను పేగుల్లో తొందరగా విడిపోనివ్వవు. అవి వేసుకునేవాళ్లకు పంచదార నమ్ముకుంటే లాభం లేదు, గ్లూకోజు పొడే వాడాలి.

ఇక పదకొండు గంటలకే ఎందుకంటారా? 30/70లో త్వరగా పనిచేసే భాగం సూది పడ్డ అరగంటకు మొదలై, రెండు నుంచి నాలుగు గంటల మధ్య బాగా బలంగా ఉంటుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే: ఎనిమిదింటికి సూది వేసుకుంటారు, స్నానం, పూజ, పేపరు అయ్యేసరికి తొమ్మిదిన్నర. అప్పుడు షుగర్ భయంతో రెండే ఇడ్లీలు. ఇన్సులిన్ టైముకే వచ్చింది, టిఫిన్ రాలేదు! వారం రోజులు ఓ నోట్‌బుక్‌లో సూది వేసిన టైము, యూనిట్లు, తిన్నది, మీటర్ అంకె రాసి డాక్టర్‌కి చూపించండి. టైము సరిచేస్తే చాలా, డోసే తగ్గించాలా అన్నది ఆ పేజీలే చెబుతాయి. వారానికి రెండు మూడుసార్లు షుగర్ పడిపోవడం మామూలేలే అనుకుని వదిలేసేది కాదు.

ఎప్పుడైనా స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో ఉంచుకోవచ్చా అని ఈసారి వెళ్లినప్పుడు అడగండి.

ప్రశ్న: మూడేళ్లుగా బొడ్డుకు కుడిపక్కనే పొడుచుకుంటున్నాను. అక్కడైతే నొప్పి తెలియదు. ఇప్పుడక్కడ మెత్తగా ఉబ్బింది. ఈ మధ్య షుగర్ ఓ రోజు 110, మర్నాడు 290. ఇన్సులిన్ నాకు పడటం లేదా?
- కిరాణా షాపు యజమాని, వరంగల్

జవాబు: ఇన్సులిన్ పడకపోవడం కాదు, పొడిచే చోటు పాడయింది. ఒకేచోట పదేపదే ఇన్సులిన్ పడితే అక్కడి కొవ్వు కణాలు పెరిగి ఉబ్బు కడతాయి. ఆ ఉబ్బులో నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. అందులో పడ్డ మందు ఓ రోజు లోపలే ఉండిపోతుంది, ఇంకో రోజు ఒక్కసారిగా రక్తంలోకి వస్తుంది. మీ 110, 290ల రహస్యం చాలావరకు అదే.

ఉబ్బు కంటికి కనపడకపోవచ్చు కూడా. వెల్లకిలా పడుకుని, వేళ్లకు కాస్త కొబ్బరినూనె రాసుకుని పొట్టంతా నెమ్మదిగా తడమండి. మామూలు చర్మం చిటికెలోకి పలచగా వస్తుంది. ఉబ్బిన చోట రబ్బరు ముక్క పట్టుకున్నట్టుంటుంది. పెన్నుతో దాని చుట్టూ గీత గీయండి. ఆ గీత లోపల ఇక కొన్ని నెలలు సూది పడకూడదు.

పొట్టను నాలుగు భాగాలు అనుకోండి. వారానికో భాగం. నిన్నటి పోటుకు వేలెడు దూరంలో ఇవాళ్టి పోటు. బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలేయండి. తొడల ముందు, బయటి వైపు కూడా వాడుకోవచ్చు. పెన్ అయితే 4 మిల్లీమీటర్ల సూది పెద్దవాళ్లలో దాదాపు అందరికీ సరిపోతుంది. మందు దిగాక పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు బయటికి తీయండి.

జాగ్రత్త ఒకటుంది. మంచి చర్మంలో మందు పూర్తిగా ఎక్కుతుంది. ఉబ్బులో వేసుకున్న యూనిట్లే ఇక్కడా వేస్తే షుగర్ ధడాలున పడిపోవచ్చు. అందుకే చోటు మార్చే ముందే డాక్టర్‌ని కలిసి డోసు ఎంత తగ్గించాలో అడగండి. మొదటి వారం మీటర్ ఎక్కువసార్లు వాడండి.

ఒకే సూదిని ఎన్నిసార్లు వాడుతున్నారో మీరు రాయలేదు. పోటుకో కొత్త సూది అన్నది నియమం. వాడినకొద్దీ మొన మొద్దుబారి చర్మాన్ని చీలుస్తుంది. వాడేసిన సూదుల్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి, నిండాక ఆసుపత్రిలోనో మెడికల్ షాపులోనో తీసుకుంటారేమో అడగండి. ఊరికే చెత్తలో పడేస్తే పొద్దున్నే చెత్త ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

ప్రశ్న: మెడికల్ షాపులో ఎప్పుడూ కొనే సిరంజి అయిపోయిందని వేరేది ఇచ్చారు. దాని మూత నారింజ రంగు. అప్పట్నుంచి షుగర్ 300 దిగడం లేదు. సిరంజికీ దీనికీ సంబంధం ఉంటుందా?
- రిటైర్డ్ టీచర్, గుంటూరు

జవాబు: ఉంది మాస్టారూ, లెక్క చూడండి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్ర మూత సిరంజి వాడాలి. నారింజ మూతది మిల్లీలీటరుకు 100 యూనిట్ల మందు కోసం. ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే వచ్చేది 0.2 మిల్లీలీటరు. మీ సీసా మందులో అది 8 యూనిట్లే. మీరు 20 అనుకుంటున్నారు, ఒంట్లోకి 8 పోతోంది.

తిరగబడితే ఇంకా ప్రమాదం. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వస్తుంది. ప్రాణం మీదికి వస్తుంది. అందుకే 100 యూనిట్ల మందు ఉండే పెన్ కార్ట్రిడ్జ్‌లోంచి సిరంజితో మందు లాగడం ఎప్పుడూ చేయకూడదు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని కొన్న ప్రతిసారీ షాపు మెట్టు మీదే చూసుకోండి.

ఈ రోజుల్లో షుగర్ తగ్గడం లేదని డాక్టర్ డోసు పెంచారా? పెంచి ఉంటే, సరైన సిరంజికి మారే ముందు ఆయనకి ఈ సంగతి చెప్పి తీరాలి.

ప్రశ్న: రాత్రిళ్లు పీడకలలు. తెల్లారేసరికి దిండు తడిసి ఉంటోంది, తలనొప్పి. పరగడుపున చూస్తే షుగర్ 220. అందుకని రాత్రి డోసు నేనే నాలుగు యూనిట్లు పెంచుకున్నాను. బీపీ మాత్ర కూడా వాడుతున్నాను.
- ఆర్టీసీ ఉద్యోగి, కరీంనగర్

జవాబు: ఆ నాలుగు యూనిట్ల సంగతి ఇవాళే మీ డాక్టర్‌కి ఫోన్ చేసి చెప్పండి. తడిసిన దిండు, పీడకల, పొద్దున తలనొప్పి... ఇవి నిద్రలో షుగర్ పడిపోతోందనడానికి గుర్తులు. అర్ధరాత్రి మెలకువ వచ్చి ఏదైనా తిని పడుకుంటే పొద్దున అంకె పెరగనే పెరుగుతుంది. అలా ఏమీ తినకుండానే కొందరికి తెల్లవారుజామున హార్మోన్ల వల్ల షుగర్ పెరుగుతుంది. రెంటికీ వైద్యం వేరు. ఏదో తేలాలంటే రెండు మూడు రాత్రులు అలారం పెట్టుకుని మూడు గంటలకు మీటర్ చూడాల్సిందే.

ఏ బీపీ మాత్రో కూడా చూడండి. మెటోప్రొలాల్, ప్రొప్రనలాల్ లాంటి మాత్రలు లో షుగర్‌లో వచ్చే వణుకును, గుండెదడను కప్పేస్తాయి. చెమట మాత్రం పడుతుంది, కాబట్టి దాన్నే నమ్ముకోండి. అలాగని మాత్ర మానొద్దు.

కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించి చాలాకాలమైతే చేయించండి. ఇన్సులిన్‌ను ఒంట్లోంచి తొలగించే పనిలో కిడ్నీలకు పెద్ద వాటా ఉంది. అవి నీరసిస్తే మందు ఎక్కువసేపు ఉండిపోయి, ఏళ్లుగా సరిపోయిన డోసే ఎక్కువవుతుంది. డ్యూటీ దిగాక మద్యం తాగి, అన్నం తినకుండా పడుకునే అలవాటుంటే అది వేరే ప్రమాదం. ఆల్కహాల్ పనిలో పడ్డ కాలేయం చక్కెర విడుదల చేయదు.

ప్రశ్న: ఇన్సులిన్ మొదలుపెట్టి మూడు వారాలు. కళ్లు మసకలు, పాదాలు కాస్త వాచాయి, రెండు కిలోలు పెరిగాను కూడా. మానేయాలనిపిస్తోంది.
- గృహిణి, నంద్యాల

జవాబు: మానేయకండి. ఎక్కువ చక్కెరకు అలవాటు పడిన కంటి కటకంలోని నీటి శాతం షుగర్ దిగేటప్పుడు మారుతుంది. కొద్ది వారాల్లో సర్దుకుంటుంది, అప్పటిదాకా కొత్త కళ్లద్దాలకు డబ్బు పోయకండి. అయితే రెటీనా పరీక్ష చేయించుకోకపోయి ఉంటే వెంటనే చేయించుకోండి. పాత షుగర్ వల్ల రెటీనా ముందే దెబ్బతిని ఉంటే, షుగర్ వేగంగా తగ్గినప్పుడు అది కొన్నాళ్లు ముదరొచ్చు.

పాదాల వాపు ఇన్సులిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలపడం వల్ల వస్తుంది, సాధారణంగా దానంతటదే తీస్తుంది. ఊరగాయ, అప్పడం తగ్గించండి. ఆయాసం ఉన్నా, ఒక కాలే వాచినా, వాపు మోకాళ్ల దాకా ఎక్కినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

బరువు సంగతి. షుగర్ 180 దాటినప్పుడల్లా తిన్నదాంట్లో కొంత మూత్రంలో పోయేది. ఇప్పుడది ఒంటికి పడుతోంది. దానికి తోడు లో అవుతుందేమోనన్న భయంతో మధ్యమధ్యలో తినేది ఒకటి. ఆ భయంతో తినే బిస్కెట్లను లెక్కపెట్టండి. రోజూ అవి తప్పడం లేదంటే డోసు ఎక్కువైందేమో అడగాలి.

ప్రశ్న: పొలం పనుల మీద తిరుగుతాను. మా ఎండలు తెలిసినవే కదా. ఇంట్లో ఫ్రిజ్ లేదు. మందు పాడవుతోందేమో?
- రైతు, రెంటచింతల

జవాబు: తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అందుకని నెలనెలా ఒక్కటే కొనుక్కోండి, మిగతావి షాపు ఫ్రిజ్‌లోనే ఉండనీయండి. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు చల్లని చోట ఉంటే దాదాపు నాలుగు వారాలు బాగుంటుంది. తెరిచిన తేదీ సీసా మీద రాయండి. కుండలో కొన్ని నీళ్లు పోసి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సీసా పెట్టి అందులో తేలనిచ్చి, కుండను నీడలో గాలి ఆడేచోట ఉంచండి. బండి డిక్కీలో, చొక్కా జేబులో వద్దు. ఐసు ముక్కల మధ్యా వద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పాలలా ఉండే రకాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి చూడండి. అడుగున ముద్దలు, గోడకు పలుకులు అంటుకుని ఉంటే పారేయండి.

ప్రశ్న: సూది వేసిన చోట ఎర్రబడి దురద వచ్చిందని మా అత్తగారు ఇన్సులిన్ మానేశారు. ఇన్సులిన్ మొదలుపెడితే కిడ్నీలు పోతాయని పక్కింటివాళ్లు చెప్పారట. ఇప్పుడు కషాయం తాగుతున్నారు.
- కోడలు, విజయనగరం

జవాబు: మీ అత్తగారికి ఓ కుర్రాడి కథ చెప్పండి. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటో జనరల్ హాస్పిటల్‌లో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి ఇన్సులిన్ ఇచ్చారు. డయాబెటిస్ రోగికి ఈ మందు ఇవ్వడం దాదాపు అదే మొదలు. షుగర్ పెద్దగా తగ్గలేదు, సూది పోటు దగ్గర గడ్డ కట్టింది. మందులో మలినాలు ఉన్నాయి. జేమ్స్ కాలిప్ అనే శాస్త్రవేత్త రాత్రింబవళ్లు కూర్చుని దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇచ్చారు. ఈసారి షుగర్ దిగింది. ఆ కుర్రాడు మరో 13 ఏళ్లు బతికాడు.

గడ్డ లేచిందని ఆ రోజే వదిలేసి ఉంటే ఇవాళ మనకీ మందు లేదు. మీ అత్తగారి దురద అంతకంటే చిన్నది. స్పిరిట్ ఆరకముందే పొడుస్తున్నారా, ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి మందే ఎక్కిస్తున్నారా చూడండి. అయినా తగ్గకపోతే డాక్టర్ బ్రాండు మారుస్తారు. ఒంటినిండా దద్దుర్లు, పెదాల వాపు, ఊపిరాడకపోవడం ఉంటే మాత్రం అది అత్యవసరం, 108కి ఫోన్ చేయాలి.

కిడ్నీలను పాడుచేసేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగర్, దానికి తోడు బీపీ. కిడ్నీలు దెబ్బతిన్నాక చాలామందికి మాత్రలు ఆపి ఇన్సులిన్ మొదలుపెడతారు, చూసేవాళ్లు నింద దానిమీద వేస్తారు.

ఇవాళ ఆవిడ షుగర్ చూడండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం ఉంటే రేపటిదాకా ఆగొద్దు. లేకపోతే రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆ కషాయం పొట్లం కూడా పట్టుకెళ్లండి, అందులో ఏముందో ఆయనకీ తెలియాలి.