డీజిలును తిను ఈస్టు



హుస్నాబాదు ప్రాంతమున తాటికల్లు నెరుగనివారుండరు. లొట్టిలో కల్లు పొంగి నురుగు కట్టుట ఈస్టు అను సూక్ష్మజీవి చేయు పని. ఈస్టులలో డీజిలును ఆహారముగా గొను జాతులును కలవు. అట్లయినచో ట్రాక్టరు డీజిలు ఒలికిన చెలకలో కల్లుమడ్డి పోసిన నేల బాగుపడదా? తరగతిలో విద్యార్థులును నన్ను ఇదే అడుగుచుందురు. బాగుపడదు. కారణము జన్యువులలో నున్నది.

డీజిలులో కర్బనము, ఉదజనము కలిసి గొలుసులవలె నుండును. ఈస్టు దానిని తినవలెనన్న మొదట గొలుసు కొనకు ప్రాణవాయువును తగిలింపవలెను. కష్టమంతయు ఈ మొదటి మెట్టులోనే. పి-450 అను ఎంజైము ఆ పని చేయును. పిమ్మట గొలుసు క్రొవ్వు ఆమ్లముగా మారును. దానిని ఈస్టు మామూలు నూనెవలెనే అరిగించుకొనును.

ఎంజైమును తయారుచేయు విధము జన్యువులో నుండును. యారోవియా లిపోలిటికా అను ఈస్టులో ఇట్టి జన్యువులు 12 కలవు. 2012లో జపాను శాస్త్రజ్ఞులు పండ్రెండింటిని తొలగించి చూడగా అది ఆ గొలుసులపై పెరుగజాలకపోయినది. కల్లును పులియజేయు ముఖ్యమైన ఈస్టు శాకరోమైసిస్. దానికి పి-450 జన్యువులు మూడే కలవు, ఆ మూడును వేరు పనులకే.

జన్యువున్నంత మాత్రమున చాలదు. యారోవియాలో యాస్-3 అను ప్రోటీను గడియవలె ఆ జన్యువులను మూసియుంచును. నూనెగొలుసులు తగిలిననే గడియ తొలగును. క్యాండిడా జాతి ఈస్టులు కొన్నింటిలో గ్లూకోజు చక్కెర దొరకునంతవరకు ఈ జన్యువులు అణగియుండును. కనుక బెల్లపునీరు పోసి తొందరపెట్టవలెనని చూడకుడు.

డీజిలును తిను ఈస్టులు, బాక్టీరియా నేలలో సాధారణముగా ఉండనే యుండును. వాటికి గాలి, తేమ, నత్రజని కావలెను. డీజిలులో నత్రజని దాదాపు లేదు. కావున కొద్దిగా ఒలికినపుడు, ముందు కారుట నాపి, తడిసిన మన్నును బావికిని వాగుకును దూరముగా తార్పాలినుపై పలుచగా పరచి, చివికిన పశువుల ఎరువు కలిపి, అప్పుడప్పుడు తిరుగవేయుచు తేమగా నుంచుడు. నీరు నిలువరాదు, గాలి లేనిదే యారోవియా పెరుగదు. వానకు కొట్టుకొనిపోకుండ చుట్టును గట్టు వేయుడు.

కొమ్మలు గల గొలుసులు, ఉంగరములవంటి పదార్థములు ఆలస్యముగా తరుగును. వాసన పోయినంతనే మన్నును చెలకలో వేయక పరీక్ష చేయించుడు. డీజిలు బావిలోనికి దిగినచో మాత్రము సూక్ష్మజీవులకై వేచియుండరాదు. ఆ నీటిని త్రాగుట ఆనాడే మానవలెను, పశువులకును త్రాపరాదు.