మందుల షాపులో ఫార్మసిస్టు: ఆయన బాధ్యతలేమిటి?

బియ్యం కొట్టు వేరు, మందుల షాపు వేరు. బియ్యం బాగోకపోతే వెనక్కి ఇచ్చి వేరేవి తెచ్చుకోవచ్చు. మందు తప్పయితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మందులు ఎవరు పడితే వారు, ఎలా పడితే అలా అమ్మడానికి వీల్లేదు. దీనికి చట్టాలున్నాయి. మందుల చట్టం 1940లో వచ్చింది. దాని నియమాలు 1945లో వచ్చాయి. ఫార్మసీ చట్టం 1948లో వచ్చింది. ఈ చట్టాలు దేశమంతటికీ ఒకటే. శ్రీకాకుళం బజారులో ఉన్న పెద్ద షాపుకీ, పాలకొండ వీధిలో ఉన్న చిన్న షాపుకీ అవే వర్తిస్తాయి.

ఫార్మసిస్టు అంటే ఎవరు?

షాపులో కూర్చున్న ప్రతి మనిషీ ఫార్మసిస్టు కాదు. షాపు యజమాని వేరు కావచ్చు. మందులు అందించే కుర్రాడు వేరు కావచ్చు. ఫార్మసిస్టు అంటే మందుల చదువు చదివిన మనిషి. కనీసం డిప్లొమా చదవాలి. ఆ తరవాత ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అప్పుడే ఆ పని చెయ్యడానికి హక్కు వస్తుంది. ఫార్మసిస్టుల్లో ఆడవాళ్లూ ఉన్నారు.

డాక్టరు రాసిన మందు ఫార్మసిస్టు ఇవ్వాలి. లేదా ఆయన దగ్గరుండి చూస్తుండగా ఇవ్వాలి. ఇది నియమం. ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడకి వేలాడుతుంటే చాలదు. మనిషి షాపులో ఉండాలి. ఆయన లేనప్పుడు చీటీ మందులు అమ్మకూడదు.

గుర్తు పట్టడం ఎలా? షాపు లైసెన్సు అందరికీ కనబడే చోట పెట్టాలి. ఫార్మసిస్టు తెల్ల కోటు వేసుకోవాలి. పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు ఉన్న బ్యాడ్జి పెట్టుకోవాలి. ఈ మాట 2015లో వచ్చిన ఫార్మసీ నిబంధనల్లో ఉంది. చదువు వచ్చిన వాళ్ళు ఆ పేరు చదవొచ్చు. "ఫార్మసిస్టు ఎవరు బాబూ?" అని అడగొచ్చు. అడగడం తప్పు కాదు.

చీటీ ఉంటేనే ఇచ్చే మందులు

జ్వరానికి వాడే పారాసిటమాల్ మాత్ర, నొప్పికి రాసుకునే బామ్ లాంటివి చీటీ లేకుండా దొరుకుతాయి. కానీ చాలా మందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. వీటిని షెడ్యూల్ హెచ్ మందులు అంటారు. వీటి అట్ట మీద "ఆర్ఎక్స్" అనే గుర్తు ఉంటుంది. చీటీ లేకుండా అమ్మరాదనే హెచ్చరిక కూడా ఉంటుంది. చాలా అట్టల మీద ఎర్ర గీత నిలువుగా కనబడుతుంది. అక్షరం అర్థం కాకపోయినా ఎర్ర గీత అందరికీ తెలుస్తుంది. ఎర్ర గీత ఉంటే డాక్టరు మాట లేకుండా మింగకూడదు.

మరికొన్ని మందులకు ఇంకా గట్టి కట్టుబాటు ఉంది. కొన్ని యాంటీబయాటిక్ మందులు, క్షయ మందులు, కొన్ని నిద్ర మాత్రలు ఇందులోకి వస్తాయి. 2014 మార్చి నుంచి వీటికి వేరే రిజిస్టరు రాస్తున్నారు. ఎవరు రాశారు, ఎవరికి ఇచ్చారు, ఎన్ని ఇచ్చారు అన్నది అందులో ఉండాలి. ఆ పుస్తకం మూడేళ్ళు దాచాలి. యాంటీబయాటిక్ మందు రెండు రోజులు మింగి మానేస్తే రోగం మొండిదవుతుంది. రేపు నిజంగా అవసరం వచ్చినప్పుడు ఆ మందు పనిచెయ్యదు. అందుకే ఈ కట్టుబాటు.

క్షయ మందులు తీసుకునే వారి వివరాలు షాపు వాళ్ళు ప్రభుత్వానికి తెలపాలి. 2018 మార్చిలో ఈ ఆదేశం వచ్చింది. రోగిని పట్టించడానికి కాదు ఇది. మధ్యలో మందు ఆపకుండా చూడడానికి.

ఎవరి చీటీ చెల్లుతుంది?

ఇక్కడ ఒక తికమక ఉంది. ఊళ్ళలో సూది వేసే ఆయన్ని ఆర్.ఎం.పి. డాక్టరు అంటారు. చట్టంలోనూ అలాంటి మాటే ఉంది. కానీ చట్టంలో దాని అర్థం వేరు. వైద్యం చదివి మెడికల్ కౌన్సిల్‌లో నమోదైన డాక్టరు అని దాని అర్థం. నమోదు లేని ఊరి ఆర్.ఎం.పి. రాసిన చీటీ చట్టం ప్రకారం చీటీ కాదు.

మంచి చీటీలో ఏముండాలి? డాక్టరు సంతకం, తారీఖు ఉండాలి. రోగి పేరు, ఊరు ఉండాలి. మందు ఎంత, రోజుకి ఎన్నిసార్లు అన్నది ఉండాలి. మళ్ళీ వాడమని డాక్టరు రాయకపోతే ఒకసారి ఇచ్చిన చీటీ మీద ఇంకోసారి ఇవ్వకూడదు. మందు ఇచ్చాక ఫార్మసిస్టు ఆ చీటీ మీద షాపు పేరు, తారీఖు వెయ్యాలి.

"ఈ మందు లేదు, దీని బదులు ఇది తీసుకోండి" అని చీటీ మందుకి బదులు వేరే మందు ఇవ్వకూడదు. ఖరీదు ఎక్కువైతే డాక్టరునే అడగాలి. "జెనెరిక్ పేరు రాయండి బాబూ" అంటే చౌక మందు దొరికే వీలుంది. జన ఔషధి షాపుల్లో ఇలాంటివి అమ్ముతారు.

నొప్పుల మాత్ర, ఉద్దానం

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలు అందులోవే. కొబ్బరి, జీడి తోటల నేల. అక్కడ చాలా ఇళ్ళలో కిడ్నీ జబ్బు ఉంది. అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. పరిశోధనలు జరుగుతున్నాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

కారణం తేలకపోయినా ఒక సంగతి డాక్టర్లందరికీ తెలుసు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పుల మాత్రలు తరచూ మింగితే కిడ్నీ దెబ్బతింటుంది. ఇప్పటికే కిడ్నీ బాగోని వారికి ఇంకా చెడుపు. ఎండలో పనిచేసి, నీళ్ళు చాలినంత తాగని వారికి మరీ ముప్పు.

ఉడుపుల్లో రోజంతా నడుం వంచితే నొప్పి రాదా? వస్తుంది. జీడి పిక్కలు కొడితే చేతులు లాగవా? లాగుతాయి. మాత్ర వేసుకుంటే రేపు పనిలోకి ఎల్లొచ్చని ఆశ. రోజు కూలి పోకూడదని భయం. ఈ ఆశ, ఈ భయం వల్లే నొప్పుల మాత్ర అలవాటవుతుంది. ఇలాంటి చోట ఫార్మసిస్టు మాట ఎంత విలువైనదో ఈ సంభాషణ చదివితే తెలుస్తుంది.

కోడలు: బాబూ, మా అత్తకి మోకాళ్ళ నొప్పులు. నొప్పుల మాత్రలు పది ఇయ్యండి.

ఫార్మసిస్టు: చీటీ ఉందా అమ్మా?

కోడలు: చీటీ ఏటి బాబూ? ఇంకో షాపులో అడగ్గానే ఇచ్చినారు.

ఫార్మసిస్టు: ఇవ్వకూడదమ్మా. చీటీ లేకుండా ఇస్తే షాపు లైసెన్సుకి ముప్పు. అంతకన్నా ముందు మీ అత్తగారి కిడ్నీకి ముప్పు. ఎన్నాళ్ళ నుంచి మింగుతున్నారు?

కోడలు: ఉడుపుల కాడి నుంచి. రోజుకి రెండు.

ఫార్మసిస్టు: కాళ్ళు వాస్తున్నాయా? బి.పి., సుగరు ఉన్నాయా?

కోడలు: బి.పి. ఉంది. కాళ్ళు కొంచెం వాసినట్టే ఉన్నాయి.

ఫార్మసిస్టు: అయితే ఇంక ఒక్క మాత్ర కూడా వద్దు. రేపే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళండి. రక్తంలో క్రియాటినిన్ చూడమని అడగండి. కిడ్నీ ఎలా ఉందో ఆ పరీక్షలో తెలుస్తుంది.

కోడలు: ఒక రోజు కూలి పోద్ది బాబూ.

ఫార్మసిస్టు: ఒక రోజు కూలి పోతే మళ్ళీ సంపాదించొచ్చు. కిడ్నీ పోతే వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తిరగాలి. అప్పుడు ఎన్ని కూలీలు పోతాయో లెక్క చూసుకోండమ్మా.

ఆ ఫార్మసిస్టుకి పది మాత్రల బేరం పోయింది. కానీ ఆయన తన పని తాను చేశాడు. మందు ఎలా వాడాలి, ఏ మందు వాడకూడదు అని చెప్పడం కూడా ఫార్మసిస్టు బాధ్యతే. "తినక ముందా, తిన్నాకా? ఎన్ని రోజులు? పాలిచ్చే తల్లి వాడొచ్చా?" ఇవి అడిగితే ఆయన చెప్పాలి. గర్భిణి అయితే ఆ మాట ముందే చెప్పాలి.

తారీఖు, బిల్లు

గడువు దాటిన మందు అమ్మడం నేరం. అలాంటి మందుల్ని షాపులో విడిగా, అమ్మకానికి కాదని రాసి పెట్టాలి. డాక్టర్లకు ఇచ్చే శాంపిల్ మందులు అమ్మకూడదు. ప్రభుత్వ ఆసుపత్రికి సప్లయి అయిన మందులూ అమ్మకూడదు. ఇన్సులిన్ లాంటి మందుల్ని ఫ్రిజ్‌లో ఉంచాలి.

గడువు అంకెల్లో ఉంటుంది. 08/2027 అని ఉంటే 2027 ఆగస్టు నెలాఖరు వరకు వాడొచ్చు. సెప్టెంబరు 1 నుంచి వాడకూడదు. మాత్రలు కత్తిరించి ఇస్తే తారీఖు ఉన్న ముక్క కూడా చూపించమని అడగాలి.

బిల్లు తప్పక తీసుకోవాలి. షాపు పేరు, లైసెన్సు నెంబరు, తారీఖు దాని మీద ఉంటాయి. మందు బ్యాచ్ నెంబరు కూడా ఉందా అని చూడాలి. బ్యాచ్ నెంబరు ఎందుకు? 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లాలో దగ్గు సిరప్‌లో విషం కలిసింది. 20 మందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. అలాంటప్పుడు ఏ బ్యాచ్ చెడ్డదో తెలిస్తేనే మిగతా సీసాల్ని షాపుల నుంచి తీయించగలరు.

అట్ట మీద వేసిన ధరకి మించి తీసుకోకూడదు. అట్టలో కొన్ని మాత్రలే కొంటే వాటికి లెక్క కట్టిన ధరే ఇవ్వాలి.

తప్పు జరిగితే ఎవరికి చెప్పాలి?

మందుల షాపుల్ని తనిఖీ చేసే అధికారిని డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ అంటారు. తప్పు చేసిన షాపు లైసెన్సుని కొన్నాళ్ళు ఆపొచ్చు, పూర్తిగా రద్దు చెయ్యొచ్చు. కోర్టులో కేసు కూడా పెట్టొచ్చు. సోమవారం కలెక్టరు ఆఫీసులో జరిగే గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వొచ్చు. వినియోగదారుల ఫోను నెంబరు 1915కి చెప్పొచ్చు. మందు మీద అనుమానం ఉంటే కొన్న మనిషే ఫీజు కట్టి ప్రభుత్వ పరీక్షకి పంపొచ్చు. ఈ హక్కు 1940 చట్టంలోనే ఉంది. వీటన్నిటికీ బిల్లే సాక్ష్యం. ఒక్కరు అడగడానికి జంకితే పొదుపు సంఘం అంతా కలిసి అడగొచ్చు.

గుర్తుంచుకోండి

1. ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు చీటీతోనే.
2. ఫార్మసిస్టు షాపులో ఉండాలి.
3. తారీఖు చదవాలి, బిల్లు అడగాలి.
4. నొప్పుల మాత్ర అలవాటు చేసుకోకూడదు.

ప్రశ్నలు

1. ఫార్మసిస్టుకి, షాపు యజమానికి తేడా ఏమిటి?
2. డాక్టరు చీటీలో ఏమేమి ఉండాలి?
3. 11/2026 అని ఉన్న మందు ఏ రోజు వరకు వాడొచ్చు?
4. మీ ఇంట్లో ఉన్న మందుల అట్టలు తీసి చూడండి. ఎర్ర గీత ఉన్నవి ఎన్ని? గడువు దాటినవి ఎన్ని? మీ నోటు పుస్తకంలో రాయండి.
5. కోడలు స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? మీ కేంద్రంలో కూర్చుని మాట్లాడుకోండి.