సిపాయి తిండి, సిపాయి నిద్ర

ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖం ఎరగదు అని మన సామెత. సామెతలో ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. నిజంగా కూడా అంతేనని మా నాయన్ని చూశాక తెలిసింది.

మా నాయన పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా రిటైర్ అయినాడు. ఇప్పుడు బెంగళూరులోనే ఒక అపార్ట్‌మెంట్‌లో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా కాపలా. ఇంటికొచ్చి వేడి రాగిముద్ద, కారంగా సారు తిని ఏడున్నరకి పడుకుంటాడు. పదింటికల్లా లేచి కూర్చుంటాడు. "మిలిటరీ నిద్ర ఇంతే" అంటాడు. ఇది నిజమా, దీనికి తిండితో ఏమైనా సంబంధం ఉందా అని చదవడం మొదలుపెట్టాను.

ముందు ఒక మాట. మంచి నిద్ర అంటే ఎన్ని గంటలు పడుకున్నామన్నది ఒక్కటే కాదు. ఎంతసేపటికి నిద్ర పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, లేచాక ఒళ్లు తేలిగ్గా ఉందా అన్నవి కూడా చూడాలి.

మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ ఉంటుంది. అది పెరిగేకొద్దీ నిద్ర ముంచుకొస్తుంది. టీ, కాఫీలలోని కెఫీన్ ఆ అడినోసిన్ పనిచేసే చోట్లను ఆక్రమించుకుంటుంది. అలసట పోదు, తెలియకుండా ఉంటుంది అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

సిపాయికి ఇది పెద్ద చిక్కు. కాపలాలో కునుకు తీస్తే ప్రాణాల మీదికి వస్తుంది. అందుకని ఏదో ఒకటి తాగి మేలుకుంటాడు. తీరా పడుకునే వంతు వచ్చేసరికి నిద్ర పట్టదు. 2010లో అఫ్గానిస్తాన్‌లో ఉన్న అమెరికా సైనికులను వాళ్ల సైనిక పరిశోధకులే దీని గురించి అడిగారు. దాదాపు 45 శాతం మంది రోజుకి కనీసం ఒక ఎనర్జీ డ్రింక్ తాగుతున్నారు. దాదాపు 14 శాతం మంది మూడు, అంతకన్నా ఎక్కువ తాగుతున్నారు. ఈ మూడు తాగేవాళ్లలోనే రాత్రికి నాలుగు గంటలో, అంతకన్నా తక్కువో నిద్రపోయేవాళ్లు ఎక్కువ. కాపలాలో కునుకు తీసినవాళ్లు కూడా వీళ్లలోనే ఎక్కువ. మేలుకోవడానికి తాగినవాళ్లే కునికిపాట్లు పడ్డారన్నమాట!

అయితే నిద్ర చాలక ఎక్కువ తాగారా, ఎక్కువ తాగి నిద్ర చెడగొట్టుకున్నారా? ఆ లెక్కల నుంచి అది తేలదు. నాకు మాత్రం రెండూ కలిసి గానుగెద్దులా తిరుగుతున్నట్టు అనిపించింది.

కెఫీన్ ఒక్కటే కాదు. కడుపు నిండా కారం, నూనె తిని వెంటనే పడుకుంటే కడుపులోని ఆమ్లం పైకి తన్ని గుండెల్లో మంట వస్తుంది. మరీ తక్కువ తిన్నా ఆకలి లేపేస్తుంది. మా నాయన రెండేళ్లు లేహ్‌లో ఉన్నాడు. సుమారు 3,500 మీటర్ల ఎత్తు. అంత ఎత్తుకి కొత్తగా వెళ్లినవాళ్లకి ఆకలి చచ్చిపోతుంది, నిద్రలో ఊపిరి లయ తప్పి మాటిమాటికీ మెలకువ వస్తుంది. అక్కడ తిండీ నిద్రా రెండూ ఒకేసారి దెబ్బతింటాయి.

ఇదంతా చదివి ఒక వారం నాయన చేత నోట్‌బుక్‌లో రాయించాను. పదకొండుకి, ఒంటిగంటకి, మూడుకి, ఐదుకి టీ. ఐదింటి టీలోని కెఫీన్ పదింటికి కూడా సగం ఒంట్లోనే ఉందన్నమాట! రెండో వారం ఆఖరి టీ ఒంటిగంటకే. ఆ తర్వాత నిద్ర వస్తే లేచి గేటు దాకా నాలుగు చుట్లు. పొద్దున రెండు ఇడ్లీలు, ముద్ద మధ్యాహ్నానికి. ఇడ్లీల దగ్గర మా అమ్మ ఒప్పుకోలేదు. "ఖాలీ హొట్టెలి మలగబారదు" అని కన్నడలో పోట్లాడింది. ఖాళీ కడుపుతో పడుకోకూడదని ఆమె బాధ. అదీ తప్పు కాదు కదా! చివరికి మూడు ఇడ్లీలకి రాజీ కుదిరింది.

ఆ వారం నాలుగు రోజులు నాయన పన్నెండు దాకా పడుకున్నాడు. మిగతా మూడు రోజులు మళ్లీ పదింటికే లేచాడు. ఒక్క మనిషి, ఒక్క వారంతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. పగటి వెలుతురు, వీధిలో చప్పుడు, పాత కాపలా అలవాటు కూడా ఉన్నాయి. కానీ "మిలిటరీ నిద్ర ఇంతే" అన్న మాట ఇప్పుడు ఆయన అనట్లేదు. నోట్‌బుక్ తనే అడిగి తీసుకుంటున్నాడు.

సరిహద్దులో ఉన్న సిపాయికి ఎప్పుడు తినాలో, ఎప్పుడు పడుకోవాలో తేల్చుకునే వీలు ఉండదు. మనకి ఉంది. ఇంటర్నల్స్ వస్తున్నాయి కాబట్టి అడుగుతున్నాను: రాత్రి పదకొండింటికి కాఫీ కలుపుకునే ముందు ఒకసారి గడియారం చూసి ఐదు గంటలు లెక్కపెట్టండి. ఎన్ని కప్పులు అన్నదాని కంటే ముందు ఎన్ని గంటలకి అని అడుగుదాం.